నాలుగో జత

లెన్ పోయాడని అతని కూతురు ఫోన్ చేసింది. ఎనభై దాటిన మనిషి, పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలోనే తల వాల్చేశాడట. "నాన్న బేస్‌మెంట్ ఖాళీ చేస్తున్నాం, నీకేమైనా పనికొస్తాయేమో వచ్చి చూసుకో" అంది. నాకేం పనికొస్తాయి? ఉన్న సామానుకే చోటు చాలక మా ఆయన గరాజ్‌లో కారు పెట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. అయినా వెళ్ళాను. మెట్లు దిగుతుండగానే ఆ వాసన తగిలింది. అక్కడ ఫోటోలు కడిగే డార్క్‌రూమ్ వాడి ఎన్నేళ్ళయిందో, ట్రేలు ఎప్పుడు ఎండిపోయాయో తెలీదు గానీ గోడలు మాత్రం వాసనని వదల్లేదు. వెనిగర్ లాంటి పులుపు, దాని అడుగున తడి ఇనుము. మూడో మెట్టు మీద రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను. ముక్కుకి వయసు రాదనుకుంటాను. మిగతా నేను ఏభై దాటి, మోకాళ్ళకి ఆయింట్‌మెంట్ రాసుకునే మనిషిని. ముక్కు మాత్రం ఇరవై నాలుగేళ్ళ పిల్లలా ఆ మెట్ల మీద భయంభయంగా నిలబడింది.

ఆ ఏడాది నేను ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నాతోపాటు విమానం ఎక్కినవాళ్ళందరూ కంప్యూటర్లలోకి వెళ్ళిపోయారు. వాళ్ళది జావా, నాది శవం. ప్రాస కుదిరింది గానీ జీతం కుదరలేదు. డిగ్రీ చేతికి రావాలంటే ఏదో ఒక ఆఫీసులో కొన్ని నెలలు పని నేర్చుకుని, అక్కడి పెద్దతో సంతకం చేయించుకోవాలి. షికాగో చుట్టుపక్కల, చావులెలా జరిగాయో తేల్చే ఒక కౌంటీ ఆఫీసులో, ఫోటోలు తీసే విభాగంలో నాకు చోటు దొరికింది. ఏ కౌంటీయో చెప్పను. ఇందులో జరిగిన తప్పు నాది, వాళ్ళది కాదు. ఆ విభాగం మొత్తానికి ఉన్నది లెన్ ఒక్కడే. పూర్తి పేరు లెనర్డ్. కెమెరా పట్టుకునేవాడికి లెన్ కన్నా తగిన పేరుండదు, చివర ఒక 'స్' తక్కువైందంతే. నీలిమ అని పలకలేక నన్ను "నీల్" అనేవాడు. ఇంగ్లీషులో అదే మాటకి మోకాళ్ళ మీద కూర్చోమని అర్థం కాబట్టి, అతను పిలుస్తున్నాడో ఆజ్ఞాపిస్తున్నాడో మొదట్లో తెలిసేది కాదు. తర్వాత రెండూ ఒకటేనని తెలిసింది. ఆ ఉద్యోగంలో సగం మోకాళ్ళ మీదే.

ఉండటం నేపర్‌విల్‌లో మా పెద్దమ్మ వాళ్ళింట్లో. పెదనాన్న తెల్లవారుతూనే లేచి ఫిల్టర్ కాఫీ కలుపుకుని, సగం తాగి, మిగతా సగం కిటికీ దగ్గర చేత్తో పట్టుకుని నిలబడేవాడు. దూరంగా సిటీకి వెళ్ళే ట్రైన్ కూత వినబడితే గాని ఆ సగం గొంతు దిగేది కాదు. అది ఆయన ట్రైన్ కాదు, దాని ముందుది. "అది వెళ్తేనే కదమ్మా నాది వచ్చేది" అనేవాడు. ఖాళీ అయిన పెరుగు డబ్బాలో పెరుగన్నం, దాని మూత మీద ఒక మాగాయ ముక్క, మెడ చుట్టూ పెద్దమ్మ అల్లిన మఫ్లర్. ఆయన వెళ్ళాక ఇల్లంతా పోపు వాసనతో, వేడి గాలి గొట్టాల బుసతో నిండిపోయేది.

నా దినచర్య సాయంత్రం గరాజ్‌లో మొదలయ్యేది. అక్కడ ఒక ప్లాస్టిక్ బకెట్, మగ్గు, పాత దుప్పటితో కట్టిన తెర ఉండేవి. శవాల దగ్గర్నుంచి వచ్చిన పిల్ల తలకి పోసుకోకుండా ఇంట్లోకి రావడానికి వీల్లేదు. బయట మంచు మోకాలి లోతున ఉన్నా సరే. "ఇవాళ ఎవరూ పోలేదు పెద్దమ్మా, పొద్దున్నుంచీ ఫైళ్ళే సర్దాను" అంటే, "ఆ ఫైళ్ళలో ఉన్నది ఎవరే, బతికున్నవాళ్ళా?" అని వేడినీళ్ళు తెచ్చి పెట్టేది. తెలిసినవాళ్ళతో మాత్రం నేను ఫోటో స్టూడియోలో పని చేస్తున్నానని చెప్పింది. ఆ పుణ్యాన ఒకసారి ఎవరో ఆంటీ వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి నన్నే ఫోటోలు తీయమన్నారు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తీశాను. హాలు నాలుగు మూలల నుంచీ నాలుగు, వేదిక దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పెళ్ళికూతురులా ముస్తాబైన ఆ పిల్ల ఎడమ పక్క, కుడి పక్క, చేతులు రెండు వైపులా. ఆంటీ ఫోటోలన్నీ రెండుసార్లు తిరగేసింది. "అన్నీ ఉన్నాయి గానీ, ఎందుకో మా అమ్మాయికేదో అయినట్టుందమ్మా" అంది చివరికి.

లెన్ పాఠం మొదలుపెట్టింది తన సాండ్‌విచ్‌తో. ఆఫీసు కిచెన్ టేబుల్ మీద సగం కొరికి పెట్టి, "ఇక్కడ ఒక హత్య జరిగింది, తియ్యి" అన్నాడు. నేను వెళ్ళి సాండ్‌విచ్ దగ్గర కెమెరా పెట్టాను. తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడుంది అది? వంటింట్లోనా, చంద్రుడి మీదనా? ముందు గది. తర్వాత గదిలో చోటు. చోటు తెలిశాకే వస్తువు." వస్తువు దగ్గరికొచ్చాక కొలబద్ద లేకుండా ఒకటి, కొలబద్ద పక్కన పెట్టి ఒకటి. రెండెందుకని అడిగాను. "కొలబద్ద పెట్టావంటే నువ్వు వేలు పెట్టినట్టే. నీ వేలు పడక ముందు ఎలా ఉందో ఎవరైనా అడిగితే చూపించాలి కదా. మనం తీయాల్సింది మనం లేని గదిని, నీల్." ప్రతి ఫోటోకీ లాగ్ పుస్తకంలో ఒక లైన్ రాయాలి: నంబరు, ఏ మూల నిలబడ్డానో, ఏ వైపు చూశానో, ఏ లెన్సో. మసకగా వచ్చినదాన్నీ పారేయకూడదు. "చెడ్డది ఒకటి పారేస్తే మంచివాటిని ఎవరు నమ్ముతారు?" అనేవాడు. అప్పటికింకా మా ఆఫీసులో ఫిల్మే. సాయంత్రాలు అతని ఇంటి బేస్‌మెంట్‌లో ఎర్ర లైటు కింద కూర్చుంటే, ట్రేలో తెల్ల కాగితం మీద ముందు నీడలు, తర్వాత అంచులు, చివరికి ముఖాలు తేలేవి. ఛాయాచిత్రం అన్న మాటలో చిత్రం కన్నా ఛాయే పెద్దదని నాకు అక్కడే అర్థమైంది.

శీతాకాలం చివర, రోడ్ల పక్కన మంచు బూడిదరంగు గుట్టలుగా మిగిలిన ఒక రోజు, ఉదయం పదింటికి పిలుపొచ్చింది. టౌన్‌హౌస్‌లో మగమనిషి, నలభై ఎనిమిదేళ్ళు, హాస్పిటల్ డ్యూటీ నుంచి ఇంటికొచ్చిన భార్య చూసింది. లెన్ కాగితం మీద పేరు కూడబలుక్కుని చదివి, "మర్తీ. మీవాళ్ళా?" అన్నాడు. మూర్తి అని సరిచేశాను. కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టి, "వ్యాన్‌లో ఉండిపోవాలంటే ఉండు, ఏమీ అనుకోను" అన్నాడు. ఉండనన్నాను. "అయితే గది నువ్వు తియ్యి. ఒక్కదానివే. నేను ఆఫీసర్‌తో మాట్లాడి గరాజ్ వైపు నుంచి వస్తాను."

నా చేతికి అప్పచెప్పిన మొదటి గది అది. తలుపు తీస్తే వేగిన ఆవాల వాసన, కరివేపాకు వాసన, వాటి మీద సన్నగా ఎప్పటిదో అగరొత్తి. గుమ్మం పక్కన గోడవార చాప, దాని మీద వరసగా మగవాళ్ళ ఆఫీసు బూట్లు, వాకింగ్ షూస్, ఆడవాళ్ళ మంచు బూట్లు. నా కాళ్ళు వాటంతటవే షూస్ విడిచి వాటి పక్కన పెట్టేశాయి. లెన్ ఇచ్చిన కాగితపు తొడుగులు మేజోళ్ళ మీద తొడుక్కుని లోపలికి వెళ్ళాను. ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, క్లాసులో నిద్రపోయిన పిల్లాడిలా చేతి మీద చెంప ఆన్చి ఉన్నారు. ముందు ప్లేటులో ఉప్మా సగం తిని ఉంది, జీడిపప్పులు మాత్రం ఒక పక్కకి ఏరి పెట్టుకున్నారు, చివర్లో తినడానికి కాబోలు. ఫ్రిజ్ మీద ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చిన క్యాలెండర్, ఏకాదశి చుట్టూ పెన్నుతో సున్నా. నేనెన్నడూ చూడని మనిషి ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. వేరేవాళ్ళ ఇళ్ళలో శవం శవమే. ఇక్కడ మాత్రం పిలవకుండా వచ్చిన చుట్టంలా ఉన్నాను నేను. అయినా పని తప్పలేదు. నాలుగు మూలల నుంచీ నాలుగు, టేబుల్, ప్లేటు, చెయ్యి, అన్నీ లాగ్‌లో రాసుకున్నాను. బయటికొచ్చేటప్పుడు షూస్ వేసుకున్నాను, మడమలు నొక్కేసి, చెప్పుల్లా. నాకదో చెడ్డ అలవాటు.

ఆ సాయంత్రం గరాజ్‌లో పెద్దమ్మ రెండో బకెట్ అడగకుండానే తెచ్చింది. ఉప్మా మాత్రం ఆ వారమంతా నేను తినలేకపోయాను.

మూడో రోజు లెన్ తన బల్ల దగ్గరికి పిలిచాడు. ముందు ఒక పెద్ద ప్రింట్, దాని మీద భూతద్దం ఉన్నాయి. ఆ ఇంటి హాలు వెనక మూల నుంచి గుమ్మం వైపు నేను తీసిన ఫోటో. "డిటెక్టివ్ దీన్ని పోయినతని భార్యకి చూపించాడు, ఇంట్లో ఏమైనా తేడాగా ఉందా అని. ఆవిడ చూసి, ఆ చివరి జత తనది కాదంది. ఆడవాళ్ళవి, చిన్న సైజు. ఇవాళ వెళ్ళి చూస్తే ఆ జత లేదట. అంటే ఆ పొద్దున ఎవరో ఆడమనిషి ఆ ఇంట్లో ఉంది, మనం ఉండగానే జారుకుంది. డిటెక్టివేమో ఆవిడని రెండు గంటలు కూర్చోబెట్టి అడిగాడు. నువ్వు లోపల ఎవర్నైనా చూశావా?" భూతద్దం కింద నల్లటి షూస్, మడమ అణిగిపోయి, ఎడమదాని లేసు కొస ఊడి. బల్ల కింద నా కాళ్ళకి ఉన్నవి అవే. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. నేరం చేసినవాళ్ళు మొదట చేసే పని అదేనని తర్వాత పాఠాల్లో చదివాను.

సంతకం కావాల్సిన కాగితం నా బ్యాగులోనే ఉంది. అది లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే వీసా లేదు. ఇవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. వాటితోపాటు, రెండు గంటలు కూర్చోబెట్టారన్న మాట కూడా. "అవి నావి లెన్" అన్నాను.

అతను వంగి బల్ల కింద చూశాడు. నిజంగానే వంగి చూశాడు. లేచి కళ్ళజోడు తుడుచుకుని, "ఎందుకు విప్పావు?" అన్నాడు. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగాడు.

"ఇల్లు కదా అది" అన్నాను.

"నాకు చెప్పడం కాదు, కాగితానికి చెప్పు" అని లాగ్ ముందుకు తోశాడు. ఆ ఫోటో లైన్ కింద నా చేతిరాతతోనే రాశాను: గుమ్మం దగ్గర ఎడమ చివర కనిపించే జత ఫోటోగ్రాఫర్‌ది. సంతకం పెట్టాను. మనం లేని గదిని తీయమన్నవాడి ముందు, నేను కాళ్ళతో సహా ఉన్న గదిని పెట్టాను. డిటెక్టివ్ విని పగలబడి నవ్వాడట. గుండెపోటేనని డాక్టర్ రిపోర్ట్ కూడా వచ్చింది. ఆవిడకి ఫోన్ చేసి, షూస్ మా స్టాఫ్‌వేనని చెప్పేశాడట. లెన్ నా కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. ఆఫీసు లెక్కన అక్కడితో అయిపోయింది.

మా ఇంటి లెక్కన అవలేదు. తర్వాతి ఆదివారం పెద్దమ్మ బెండకాయలు తరుగుతూ మొదలుపెట్టింది. "విన్నావుటే నీలూ, హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది చూడు వసుంధర, వాళ్ళాయన పోయాడుట పాపం. ఈవిడ డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరో ఆడమనిషి ఉందిట. షూస్ దొరికాయట."

"దొరకలేదు పెద్దమ్మా. ఫోటోలో పడ్డాయి."

"ఏదో ఒకటి. ఆ పిచ్చిది తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి అడుగుతోందిట, మా ఇంటికి వచ్చింది నువ్వా, నిజం చెప్పు, ఏమీ అనుకోను అని. నాకూ చేస్తుందేమో." కత్తి ఆగింది. "ఫోటోలో పడ్డాయని నీకెలా తెలుసు?"

చెప్పాను. పెద్దమ్మ బెండకాయలన్నీ గిన్నెలోకి తోసి, చేతులు కడుక్కుని, "లే, చీర మార్చుకొస్తాను" అంది. కారు దిగే ముందు, "వచ్చేటప్పుడు వెళ్ళొస్తాం అనకు, చావింట్లో అలా అనకూడదు" అంది.

వసుంధరగారు తలుపు తీశారు. హాల్లో టీవీ పక్కన ఒక ఫోటో ఫ్రేము మొహం గోడవైపు తిప్పి ఉంది. పెద్దమ్మ దాన్ని చూసి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. దండ లేదు, దీపం లేదు.

"ఆంటీ, ఆ రోజు మీ ఇంట్లో ఫోటోలు తీసింది నేనే. ఆ షూస్ నావి. తలుపు దగ్గర విప్పాను. అలవాటుగా విప్పేశాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు. "పోలీసా నువ్వు?"

"కాదు ఆంటీ, స్టూడెంట్‌ని. పని నేర్చుకుంటున్నాను."

"డిటెక్టివ్ కూడా ఇదే చెప్పాడు ఫోన్‌లో. మా స్టాఫ్‌వి మేడమ్, డోంట్ వర్రీ అని. మొన్నేమో ఎవరివో చెప్పు చెప్పు అని ప్రాణం తీశాడు. ఇవాళ తెలుగమ్మాయిని వెతికి పంపించాడు."

"ఎవరూ పంపలేదు ఆంటీ. కావాలంటే చూడండి, మీ గుమ్మంలోనే ఉన్నాయి."

ఆవిడ లేవలేదు. "అలాంటివి మా హాస్పిటల్లో సగంమంది వేసుకుంటారమ్మా. నేను బాధపడకూడదని వచ్చావు. మంచిపిల్లవి." పెద్దమ్మ వైపు తిరిగి, "పెద్దవారు మీరు, చిన్నపిల్ల చేత అబద్ధం చెప్పించడం ఏం బాగుందండీ" అన్నారు. ఆ మాట నెమ్మదిగానే అన్నారు. ఇద్దరం వెళ్ళొస్తామనకుండానే వచ్చేశాం.

సోమవారం లెన్‌కి చెప్పాను. పెన్సిల్ పక్కన పెట్టి నా కాళ్ళ వైపు చూశాడు. "నువ్వు చెప్పావు. ఆవిడ ఎందుకు నమ్మాలి? అదే కంపెనీ, అదే సైజు వేల జతలుంటాయి. కానీ వేలమంది నీలా నడవరు. మడత ఎక్కడ పడింది, కుట్టు ఎక్కడ ఊడింది, మడమ ఏ వైపు అరిగింది, ఇవన్నీ ఒక్క మనిషివే. నీకు ఇంకా నేర్పని పాఠం ఇదొక్కటే ఉంది, ఇప్పుడు నేర్చుకో." షూస్ విప్పించి కాగితం సంచిలో పెట్టాడు. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మ పడుతుందట. ఆఫీసు పెద్దని ఒప్పించి, ఆవిడకి తనే ఫోన్ చేసి అనుమతి అడిగాడు. మర్నాడు పెద్దమ్మ మంచు బూట్లు రెండు సైజులు పెద్దవి వేసుకుని, బాతులా అతని వెనక ఆ ఇంటికి వెళ్ళాను.

అదే ఉదయం వేళ, కిటికీ వెలుతురు అదే వైపు నుంచి పడేలా. లాగ్‌లో నేను రాసుకున్న లైనే దారి చూపింది: వెనక కుడి మూల, ఛాతీ ఎత్తు, వెడల్పాటి లెన్సు, గుమ్మం వైపు. లెన్ పాత ప్రింట్ పట్టుకుని, "ఇంకొంచెం ఎడమకి, మడమ గోడవైపు" అంటుంటే నేను నా షూస్‌ని నేనే అంగుళం అంగుళం జరిపాను. దూరంగా ఒకటి, దగ్గరగా కొలబద్ద లేకుండా ఒకటి, పెట్టి ఒకటి. వసుంధరగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. మంచినీళ్ళు కావాలా అని లెన్‌ని అడిగారు, నన్ను అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఫోటో తీసిన మరుక్షణమే వెనక స్క్రీన్ మీద చూసుకుంటారు. షూస్ పడి ఉంటే అక్కడే తెలిసిపోయేది. ఒక పిల్ల, మన హైదరాబాద్ అమ్మాయే, మొన్నొక మసక ఫోటో చెరిపేయబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. "మ్యామ్, బాలేదు కదా, ఇంకోటి తీస్తా ఏమైతది?" అంది. ఏమవుతుందో చెప్పడానికి ఒక వారం పడుతుంది, ఆ పిల్లకి అంత తీరిక లేదు, అది తప్పూ కాదు. కెమెరాలు టైమూ చోటూ వాటంతటవే రాసుకుంటున్నాయి. మాకైతే ఫోటో రావడానికి రెండు రోజులు, చేసిన తప్పు తెలియడానికీ అంతే. అప్పుడు అందరూ నిదానంగా ఉండేవారని గొప్పలు చెప్పను. ఆ నిదానంలోనే ఒక ఆడమనిషి రాత్రీపగలూ ఫోన్లు తిప్పుతూ కూర్చుంది. పెద్దమ్మ పోయింది, ఆ ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. గరాజ్‌లో బకెట్ పెట్టేవాళ్ళు లేక నేను చూసినవన్నీ నేరుగా నాతోపాటు ఇంట్లోకి వచ్చి కూర్చుంటున్నాయి. మూర్తిగారు మాత్రం పిలవకుండానే వస్తారు, ఎక్కడ ఉప్మా పోపు వేగినా.

అప్పుడు ఆ కొత్త ప్రింట్లు తీసుకుని రెండు రోజుల తర్వాత మళ్ళీ వసుంధరగారింటికి వెళ్ళాం. ఈసారి పెద్దమ్మ కూడా వచ్చింది. లెన్ డైనింగ్ టేబుల్ మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, భూతద్దం ఇచ్చి, ఏమీ చెప్పకుండా వెనక్కి తప్పుకున్నాడు. ఆవిడ రోజంతా మైక్రోస్కోప్‌లో స్లైడ్‌లు చూసే మనిషి. భూతద్దం పట్టుకోవడంలోనే అది తెలిసింది. ఒక ఫోటో నుంచి ఇంకోదానికి, మళ్ళీ వెనక్కి, తొందర లేకుండా చూశారు. పెన్ను అడిగి కాగితం మీద గీతలు పెట్టుకున్నారు. "లేసు కొస. కుడిదాని బొటనవేలు దగ్గర మడత, ఇక్కడ రెండుగా చీలింది. కుట్టు ఊడింది నాలుగు పోగులు, ఇందులోనూ నాలుగే." ఇంకోసారి వంగి చూసి, "ఉప్పు మరక మాత్రం పెరిగింది" అన్నారు.

"తర్వాత కూడా అవే వేసుకుని తిరిగాను ఆంటీ, రోడ్ల మీద ఉప్పు చల్లిన మంచులో."

"ఊఁ." భూతద్దం పక్కన పెట్టారు. "నీవే."

పెద్దమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. నేనూ వదలబోయాను.

"అయితే ఎవరూ రాలేదు" అన్నారు వసుంధరగారు.

"రాలేదు ఆంటీ."

"ఆయన ఒక్కరే ఉన్నారు."

ఆవిడ టేబుల్ మీద ఆయన చెయ్యి ఉన్న చోటనే, తెలియకుండానే, తన చెయ్యి పెట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ ఎవరో పక్కన ఉన్నారనుకున్నానమ్మా. కోపంగానే అనుకో. అనరాని మాటలన్నీ అన్నాను ఆయన్ని. ఒక్క పువ్వు పెట్టలేదు. కానీ ఎవరో ఒకరు ఉన్నారనుకున్నాను. మంచినీళ్ళన్నా ఇచ్చి ఉంటారని."

లెన్‌కి ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పెద్దమ్మ వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. మనిషి పోయిన ఇంట్లో ఏదీ ముట్టుకోని పెద్దమ్మ, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. కాసేపటికి వసుంధరగారు లేచి టీవీ దగ్గరికి వెళ్ళి ఆ ఫ్రేముని ఇటు తిప్పారు. సూటు వేసుకుని ఎక్కడో జలపాతం ముందు నవ్వుతున్న మనిషి. చీర చెంగుతో అద్దం తుడిచి, నన్ను రమ్మన్నారు.

"నువ్వే చెప్పమ్మా ఆయనకి. నేను చెప్తే నమ్మరు."

వెళ్ళి నిలబడ్డాను. ఎంతోమంది మొహాల్లోకి కెమెరాలోంచి చూశాను, అంతవరకూ ఏ ఒక్కరూ నన్ను తిరిగి చూస్తున్నట్టు అనిపించలేదు. "ఆ షూస్ నావండీ" అన్నాను. "తప్పు నాదే. ఆంటీకి తెలీదు."

"కొంచెం గట్టిగా చెప్పు" అన్నారు వసుంధరగారు పక్కనుంచి. "ఆయనకి ఎడమ చెవి సరిగా వినపడదు."

ఆయన కుడి చెవి వైపుకి వచ్చి నిలబడి, మళ్ళీ చెప్పాను.